నేను తోలితేనే అరిచే బండి

మా మోటార్‌సైకిల్ వెనక చక్రం దగ్గర అరుపు మొదలైనప్పుడు మా ఇంట్లో ఎవరూ చక్రం వైపు చూడలేదు. నా వైపు చూశారు.

ఆ బండిని ఇంట్లో ఇద్దరమే తోలేవాళ్లం. పొద్దున్నే గుడికి మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు. ఆయన గుడిలో అర్చకత్వం ముగించుకుని వచ్చాక ఆఫీసుకు నేను. మా ఆయనకు బండంటే భయం. పెళ్లికి ముందు ముచ్చటపడి కొన్నాడు, పత్తర్‌గట్టిలో ఒక పండ్ల తోపుడుబండి మీద పడేశాడు, ఆ రోజుతో తాళంచెవి గోడకు తగిలించాడు. బావగారు తోలితే బండి పిల్లిలా పోయేది. నేను ఎక్కితే, అందులోనూ వెనక మా అత్తమ్మ కూర్చుంటే, గల్లీ ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకటే మూలుగు. వేగం పెంచితే ఆ మూలుగే కూత అయ్యేది. హుస్సేనీ ఆలంలో మా గల్లీ ఎంత ఇరుకంటే, ఒకరింట్లో కుక్కర్ కూస్తే నలుగురు తమ తమ పొయ్యిలు ఆర్పుకుంటారు. అక్కడ ఈ కూత దాగేది కాదు.

కాబట్టి తీర్పు ఇవ్వడం తేలికైపోయింది. ఆడమనిషి తోలి బండి పాడుచేసింది. బావగారు తమ్ముడి భార్యతో నేరుగా మాట్లాడరు, అది వాళ్లింటి ఆచారం. నేను ఎదురుగా నిలబడి అన్నం వడ్డిస్తున్నా సరే, నాకు చెప్పాల్సింది తమ్ముడికి చెబుతారు. ఆ రోజూ అంతే.

"గేరు మార్చుడు రాదు, గుంత చూసుడు రాదు. ఇంజన్ పోయింది. ఆదివారం మనిషొస్తడు, అమ్మేద్దాం. ఆమెను ఆటోల పొమ్మను."

మా ఆయన తలూపాడు. బండి ఆయన పేరు మీదే ఉంది కాబట్టి ఆ తల ఊగితే చాలు.

బండి చేతికి రాకముందు నా బతుకు నాకు బాగా గుర్తుంది. ఎవరు దింపుతారు, ఎవరు తెస్తారు, ఎందుకు ఆలస్యమైంది, దారిలో ఎక్కడ ఆగావు. నేను గడప దాటాలంటే ఎవరో ఒక మగవాడికి తీరిక దొరకాలి. బండి వచ్చాక ఆ ప్రశ్నలు ఆగిపోయాయని కాదు, అవి నోట్లోంచి బయటపడేసరికి నేను మూసీ వంతెన దాటేసి ఉండేదాన్ని. ఆదివారం నా చేతిలోంచి పోబోయేది అదే. ఊరుకునేదాన్నైతే ఇదంతా రాసేదాన్ని కాదు.

ఇక్కడ బావగారి శుక్రవారం గురించి చెప్పాలి. ప్రతి శుక్రవారం పూలబుట్టతో గుడికి బయలుదేరే ముందు ఆయన బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి కడుగుతారు. హెడ్‌లైట్‌కు పసుపు, కుంకుమ పెడతారు. తర్వాత పానా అందుకుని చైన్ బిగిస్తారు. ఏదైనా వదులుగా కనిపిస్తే ఆయన ఓర్వలేరు, పంచెకట్టు కానీ, కుళాయి కానీ, గుడిగంట తాడు కానీ. "వదులు చైన్ చూస్తే వదులు కొంగు చూసినట్టే ఉంటది," అన్నారొకసారి, నాకు వినిపించేటట్టు. "కొంగు సంగతి మీకెందుకు బావా, చైన్ సంగతి చెప్పుండ్రి," అన్నాను. ఆ పూట అత్తమ్మ నేనిచ్చిన చాయ్ ముట్టలేదు.

శనివారం బండి తీసుకుని కిషన్‌బాగ్ వెళ్లాను. అక్కడి మెకానిక్ అంతకుముందే ఒకసారి చైనూ, అది తిరిగే పళ్లచక్రాలూ మార్చాడు. అప్పుడు కొన్నాళ్లు నోరు మూసుకున్న బండి మళ్లీ మొదలుపెట్టింది. అత్తమ్మ మోకాళ్ల డాక్టరు అటువైపే ఉంటాడని ఆమె నా వెనక కూర్చుంది. దారి పొడవునా బండి నన్ను తిట్టింది. అది ఆగినచోట అత్తమ్మ అందుకుంది.

మెకానిక్ స్టాండ్ వేసి చక్రం తిప్పాడు. చప్పుడు లేదు. ఒక్కడే ఎక్కి మలుపు దాకా పోయి వచ్చాడు. చప్పుడు లేదు.

"ఆపా, దుకాన్‌ల మంచిగనే ఉంటది, మీ ఇంటికి పోంగనే లొల్లి చేస్తది. గిది బండి బీమారి కాదు, ఇంటి బీమారి."

ఇంటి బీమారికి మందు నేను చూసుకుంటాను, నువ్వు బండి చూడు అన్నాను. ఇంజనే అన్నాడు. ఇంజనైతే నువ్వు తోలినప్పుడు ఎందుకు ఊరుకుంది అన్నాను. అయితే మీరు తోలే వాటం అన్నాడు. చైన్ మార్చిన వారం నా వాటం బాగుపడి, శుక్రవారం మళ్లీ చెడిందా అన్నాను. సగం ఉర్దూలో, సగం తెలుగులో మా వాదన సాగుతుంటే పక్క దుకాణం వాళ్లు చాయ్ పట్టుకుని వచ్చి నిలబడ్డారు.

శుక్రవారం అన్న మాట నా నోటి నుంచే వచ్చింది, వచ్చాక నన్నే ఆపేసింది. శుక్రవారం ఏం జరుగుతుంది? చైన్ బిగుస్తుంది. ఎలా బిగుస్తుంది? బండి స్టాండ్ మీద, సీటు ఖాళీగా. ఆ తర్వాత దాన్ని తోలేది ఎవరు? అగరుబత్తిలా ఉండే బావగారు, ఒక్కరే. నేను అగరుబత్తిని కాను. అత్తమ్మ అసలే కాదు.

"అత్తమ్మా, ఎక్కి కూసో," అన్నాను.

స్టాండ్ తీసి నేను ముందు, ఆమె వెనక ఒక పక్కకు కూర్చున్నాం. చైన్ నొక్కి చూడమన్నాను. మెకానిక్ వేలితో నొక్కాడు, కదల్లేదు. ఇనుపచువ్వలా ఉంది. దిగమన్నాడు, దిగాం, చైన్ కదిలింది. ఎక్కమన్నాడు, ఎక్కాం, బిగుసుకుపోయింది. ఇంకోసారి ఎక్కమంటే అత్తమ్మ ఎక్కనంది.

సంగతి ఇంతే. బరువు పడినప్పుడు స్ప్రింగులు అణిగి వెనక చక్రం పైకి జరుగుతుంది, ముందు పళ్లచక్రానికీ వెనకదానికీ మధ్య దూరం పెరుగుతుంది. ఆ పెరుగుదల కోసం చైన్‌లో కాస్త వదులు ఉంచాలి. ఖాళీ బండి మీదే ఆ వదులంతా తీసేస్తే, మనుషులు ఎక్కాక చైన్ పీక్కుంటుంది, చక్రాన్ని కూడా పీకుతుంది. దీన్ని సంసారాలకు అన్వయించి నాకు నీతి చెప్పబోయిన వాళ్లున్నారు. నేను చెప్పేది చైన్ గురించే. ముందు చైన్ విషయంలో బావగారిని ఓడించనివ్వండి, మిగతావాటికి తర్వాత వస్తాను.

గిది నాకు ఎరుకే అన్నాడు మెకానిక్. ఎరుకైతే మొన్నెందుకు చూడలేదు భాయ్ అన్నాను. అందరూ ఇంజన్ ఇంజన్ అంటుంటే తనకూ ఇంజనే వినిపించిందట. చక్రం విప్పాడు. బేరింగ్‌ను వేలితో తిప్పితే లోపల ఇసుక పోసినట్టు గరగరలాడింది. చక్రం మధ్యలో కుదుపు తట్టుకోవడానికి పెట్టే రబ్బరు ముక్కలు అప్పడాల్లా అయిపోయాయి. అన్నీ మార్చాడు. ఈసారి మేమిద్దరం సీటు మీద ఉండగానే చైన్ సరిచేశాడు.

డాక్టరుకు మోకాళ్లు చూపించుకుని తిరిగి వచ్చేటప్పుడు సగం దారిలో అత్తమ్మ నా భుజం తట్టింది.

"బండి బందైందా ఏంది?"

ఆదివారం పొద్దున, కొనే మనిషి వచ్చేలోగా, బావగారు బండి తుడవడానికి కూర్చున్నారు. చైన్ చూశారు. మొహం చిట్లించారు. పానా తెచ్చి బిగించడం మొదలుపెట్టారు. నేను చాయ్ గ్లాసుతో గడప మీదే ఉన్నాను. ఆపొచ్చు. ఆపలేదు.

వచ్చినాయన పెద్దమనిషి, నెమ్మదస్తుడు. ఆయన ముందు బావగారు ఒక్కరే బండి ఎక్కి చక్కర్ కొట్టి వచ్చారు. పిల్లి. దిగి తమ్ముడితో, "తోలెటోళ్లు తోల్తే గిట్లుంటది," అన్నారు.

"బావా, అత్తమ్మను ఎక్కించుకొని ఒక్క చక్కర్ కొట్టుండ్రి," అన్నాను.

పరాయి మనిషి ముందు, నేరుగా ఆయనకే. బావగారు తమ్ముణ్ని, "ఎందుకంట?" అని అడిగారు. ఇద్దరెక్కితే ఎట్లా పోతుందో తనకూ చూడాలని ఉందన్నాడు కొనే ఆయన. అత్తమ్మ ఎక్కింది.

బండి గల్లీ మొత్తం కూసుకుంటూ పోయింది, కూసుకుంటూ వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. అలవాటు కొద్దీ అందరూ బండి మీద నన్ను వెతికారు. నేను గడప మీద, చేతిలో చాయ్‌తో ఉన్నాను.

"అమ్మ బరువుకు గట్ల అరుస్తది," అన్నారు బావగారు.

అత్తమ్మ నిదానంగా దిగింది. కొంగు సర్దుకుంది. పెద్దకొడుకు మాటకు అప్పటిదాకా ఆ ఇంట్లో ఎదురులేదు.

"నా బరువారా? నిన్న గీ పిల్ల ఎనక కూసొని డాక్టర్ దగ్గర్కెళ్లి ఇంటికొచ్చిన. ఒక్క సప్పుడు లేదు. నిన్న నేను సన్నగుంటినా?"

నేను పానా అందుకున్నాను. బరువు కోసం మా ఆయన్ని ముందు కూర్చోమన్నాను, వెనక అత్తమ్మ. పెళ్లైన ఇన్నేళ్లలో ఆయన ఆ సీటెక్కడం అదే మొదలు. కదలని బండి మీద హ్యాండిల్ గట్టిగా పట్టుకుని, ఎదురుగా లారీ వస్తున్నట్టు చూస్తూ కూర్చున్నాడు. వాళ్ల బరువు మీదే చైన్ వదులు చేసి, నట్లు బిగించాను. కొనే ఆయన మా ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని తోలి వచ్చాడు. వాళ్లు వచ్చినట్టు కూడా తెలియలేదు.

"బండి మస్తుంది. తీస్కుంట," అన్నాడు.

బావగారు తమ్ముడి వైపు చూశారు. నేను ముందుకెళ్లి బండి తాళంచెవి తీసుకున్నాను.

"అమ్ముతలేం," అన్నాను.

మా ఆయన తలూపాడు. ఆయనకు వచ్చిన విద్య అదొక్కటే, ఈసారి నాకు పనికొచ్చింది.

బావగారు ఒప్పుకున్నారని అనుకోకండి. చైన్ వేలాడుతోందని ఇప్పటికీ తమ్ముడికి చెబుతూనే ఉంటారు. ప్రతి శుక్రవారం బండి కడుగుతారు, పసుపు పెడతారు, పానా కోసం వెతుకుతారు. పానా నా ఆఫీసు సంచిలో, టిఫిన్ డబ్బా కింద ఉంటుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు. కావాలంటే ఇస్తాను కూడా. కాకపోతే తమ్ముడిని అడిగితే దొరకదు, నన్నే అడగాలి.