మోకాలి పిన్ను

పోయిన నెలలో మా పక్కింటికి రిక్షా మీద, ఇనుముని తిప్పుతూ చెక్కే ఒక చిన్న లేత్ మిషను వచ్చింది. రాజమండ్రిలో నేనుండే వాటాకీ ఆ ఇంటి పెరడుకీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. పక్కింటాయన బ్యాంకు ఉద్యోగి. సాయంత్రాలు సరదాగా ఇత్తడి బొమ్మలూ చిన్న చిన్న ఇంజన్లూ చేసుకోవాలని ఆయన కోరిక. నేను ఒక స్కూల్లో లైబ్రరీ చూసుకుంటాను. ఈ వాటాలోకి వచ్చి ఏడాది దాటినా ఆయనతో ఒక్క మాట మాట్లాడి ఎరగను. వాళ్ళావిడ కనబడితే నవ్వుతాను, అంతే. ఆ సాయంత్రం తీగ మీద బట్టలు తీస్తూ అటు చూశాను. ముక్కని పట్టుకుని తిప్పే చక్కులో, దాన్ని బిగించే తాళంచెవి అలాగే ఉండిపోయింది. ఆయన చెయ్యి స్విచ్చి మీద ఉంది. "ఆగండి! స్విచ్చి వెయ్యకండి! ముందా తాళంచెవి తియ్యండి!" అని అరిచాను. చక్కు తిరగడం మొదలైతే అది విసిరిన రాయిలా ఎగిరి వస్తుంది. ఆయన గబుక్కున చెయ్యి తీసేసి, మిషను వంక కాకుండా నా వంక చూశారు. "మీరు మాట్లాడతారాండీ!" అన్నారు. తర్వాత కాస్త తేరుకుని, "ఇవన్నీ మీకెలా తెలుసండీ? కొత్తవాణ్ణి, తెలిసినవి నాలుగు చెప్పి పుణ్యం కట్టుకోండి" అన్నారు. "మా నాన్నగారికి ఉండేదండి" అనేసి బట్టలతో లోపలికి వచ్చేశాను. నాకు తెలిసినవి గోడ దగ్గర నిలబడి చెప్పుకునేవి కావు. రాయడమైతే నాకు వచ్చు.

మాది నరసాపురానికి ఎదురు ఒడ్డున, రేవుకి దగ్గర్లో ఒక ఊరు. నాన్న క్రైస్తవ మిషనరీల స్కూల్లో గుమాస్తా. పడవలు బాగుచేసే షెడ్డు ఒకటి మూతపడ్డప్పుడు అక్కడ తుప్పు పట్టి పడి ఉన్న లేత్‌ని ఇంటికి తెచ్చుకున్నాడు. కుట్టుమిషనులా కాలితో తొక్కితే తిరిగేది. దాన్ని వెనక వసారాలో దించిన రోజున అమ్మ లేసు అల్లుతున్న చెయ్యి ఆపి, "ఇనప సవతిని తెచ్చారా!" అంది. ఆ పేరే స్థిరపడిపోయింది. నాన్న దాని మీద అమ్ముకునే వస్తువు ఒక్కటీ చెయ్యలేదు. అమ్మకి లేసు సూదులు, లాంతరుకి ఒత్తి తిప్పే మర, ఒకసారి ఎందుకూ పనికిరాని బొంగరం. చేసినంతసేపూ తనలో తను మాట్లాడుకునేవాడు. నేను పుస్తకం పట్టుకుని గుమ్మంలో కూర్చుని చదువుతున్నట్టు నటిస్తూ అవన్నీ వినేదాన్ని. దగ్గరికి వెళ్ళాలంటే మాత్రం జడ ముడి వేసుకోవాలి, ఓణీ తీసేసి నాన్న పాత చొక్కా తొడుక్కుని చేతులు మోచేతి పైకి మడవాలి. తిరిగే ఇనుముకి జడా కడ్డీ ఒకటే అనేవాడు నాన్న. ఊడిన ఇనప చుట్టల్ని చేత్తో తీయకూడదు, కుంచెతో తోయాలి. అవి చూడ్డానికి జుట్టు రింగుల్లా ముద్దుగా ఉంటాయి, వేలికి తగిలితే బ్లేడులా కోసేస్తాయి.

నా తర్వాతది చెల్లెలు. దానికి రెండేళ్ళప్పుడు పోలియో వచ్చి కుడికాలు సన్నబడిపోయింది. నడుము కింద నుంచి బూటు దాకా రెండు పక్కలా ఇనప బద్దెలు, మధ్యలో తోలు పట్టీలు, మోకాలి దగ్గర మడత. నిలబడినప్పుడు ఆ మడత మీదికి ఒక రింగు జారి 'టక్'మని పడుతుంది. అప్పుడిక కాలు వంగదు. ఆ టక్ వినబడితేగాని అది అడుగు వెయ్యదు. కాలు బలహీనమేగాని నోరు కాదు. దానికి పన్నెండేళ్ళప్పుడు ఒకసారి బద్దెలు బాగుకి ఇచ్చి, నాన్న దాన్ని ఎత్తుకుని గోదావరి దాటించే పంటు ఎక్కించాడు. ఎవరో పెద్దావిడ "పాపం, తల్లీ" అని దాని ఒళ్ళో అరటిపండు పెట్టి, చెంపలేసుకుంది. ఇది ఆ పండుని గోదాట్లోకి విసిరేసింది. ఇంటికొచ్చాక "ఇంక నన్ను ఎవరూ ఎత్తుకోవడానికి వీల్లేదు. నడిస్తే నడుస్తా, లేకపోతే ఇంట్లో ఉంటా" అని తేల్చి చెప్పేసింది. అది అన్నదంటే అన్నదే.

దాని పదో తరగతి పరీక్షలు సోమవారం మొదలు. సెంటరు నరసాపురంలో. గురువారం సాయంత్రం స్కూలు నుంచి వస్తూ మా వీధి మలుపులో కూలబడిపోయింది. మోకాలి మడతని పట్టి ఉంచే పిన్ను విరిగింది. పెన్సిలంత లావు, దానికో తల, అంతే. అది లేకపోతే ఆ బద్దెలు రెండూ ఉత్త ఇనుము. నాన్న ముందు ఒక బోల్టు పెట్టి చూశాడు. మడత ఊగిపోయి చెల్లెలు మళ్ళీ పడింది, అరచేతులు గీరుకుపోయాయి. బద్దెలు చేసినవాళ్ళకి ఉత్తరం రాస్తే జవాబు వచ్చేసరికి పరీక్షలైపోతాయి. నరసాపురంలో లేత్ షాపాయన ఫ్యాక్టరీ మరమ్మతుకని సామర్లకోట వెళ్ళాడట, షాపుకి తాళం. "మనింట్లో లేదా లేత్?" అని నాన్న ఆ రాత్రే ఇనుముని కోసే టూలుకి సాన పట్టడానికి కూర్చున్నాడు. ఎప్పుడూ కళ్ళజోడు పెట్టుకునే మనిషి, ఆ వేళ ఆత్రంలో దాన్ని నుదుటి మీదికి తోసేసుకున్నాడు. సానరాయి నుంచి ఎగిరిన ఇనప రవ్వ ఎడమ కంట్లో దిగింది.

డాక్టరు గారు రవ్వ తీసేసి రెండు కళ్ళకీ కట్టు కట్టారు. బాగున్న కన్ను కదిలితే దెబ్బ తిన్నదీ కదులుతుందట. మంగళవారం దాకా విప్పకూడదన్నారు. శుక్రవారమంతా మా ఇంట్లో పొయ్యి వెలిగినట్టు గుర్తు లేదు. నాన్న మంచం మీద గోడకేసి తిరిగి పడుకున్నాడు. చెల్లెలు భౌతికశాస్త్రం పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఒకే పేజీ చూస్తూ కూర్చుంది. అమ్మ అల్లుతున్న లేసుని అల్లినంతా విప్పేస్తోంది. శనివారం పొద్దున నాన్న లేచి కూర్చుని, "అమ్మాయ్, జడ ముడేసుకో" అన్నాడు నాతో.

ఎలా చెయ్యాలో ఆయన వసారా మధ్యలో కుర్చీ వేసుకుని చెప్పాడు. తొక్కడం అమ్మ, హ్యాండిళ్ళు నేను, వెర్నియరు చూసి కొలతలు చదవడం చెల్లెలు. మంచి కడ్డీ ఒక్కటే ఉంది. మూడు పిన్నులకి మించి రాదు. టూలు మొన సరిగ్గా ముక్క నడిమి ఎత్తులో ఉండాలి. అది చూడ్డానికి నాన్న చిట్కా ఒకటుంది: మొనకీ కడ్డీకీ మధ్య సన్నటి స్టీలు స్కేలుని మెల్లిగా అదిమి పట్టాలి. స్కేలు నిటారుగా నిలబడితే సరే. పై అంచు మన వైపు వాలితే టూలు కిందికి ఉన్నట్టు, అవతలికి వాలితే పైకి ఉన్నట్టు. అమ్మ తొక్కడం మొదలెట్టింది. మిషను కీచుమంది. "ఏడుస్తోంది. కడ్డీ బయటికి ఎక్కువ పొడుచుకొచ్చింది, లోపలికి నెట్టి బిగించు" అన్నాడు నాన్న కట్టు వెనక నుంచి. నెట్టి బిగిస్తే కీచు పోయింది. ఇంకాసేపటికి, "నూనె వెయ్యి, ఎండిపోయింది" అన్నాడు. నేను చూసి తెలుసుకోలేనిది ఆయన చూడకుండా తెలుసుకుంటున్నాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయిగాని తుడుచుకోవడానికి చేతికి నూనె.

ఎనిమిది మిల్లీమీటర్లు ఉండాలి. చెల్లెలు తొమ్మిది అని చదివింది. ఇంకొకటి తీస్తే సరి అనుకుని నేను హ్యాండిలు సరిగ్గా ఒక మిల్లీమీటరు లోపలికి తిప్పాను. తీరా చూస్తే ఏడు! కడ్డీ తిరుగుతూ ఉంటుంది కదా, ఒక పక్క తీసినంతా రెండో పక్కా పోతుంది. కావలసినదాంట్లో సగమే తిప్పాలి. లెక్కలు చదువుకున్నదాన్నే, ఆ లెక్క తోచలేదు. పిన్ను రంధ్రంలో గిలకలా ఊగింది. చెల్లెలు దాన్ని వెలుతురులో తిప్పి చూసి, "కాలికి కాదుగాని ముక్కుపుడక చేయించుకోవచ్చక్కా" అంది. ఎవరూ నవ్వలేదు. అదే పిన్నుని పక్కన పెట్టేసి, "పోనీలే, ఇంకో రెండున్నాయిగా" అంది.

ఆదివారం మేము గుడికి వెళ్ళలేదు. అమ్మ గుడి మానడం నేనెప్పుడూ చూడలేదు. ఆరాధన అయ్యాక, నాన్న కంటి సంగతి విని పాస్టరు గారు వచ్చి వసారా గుమ్మంలో నిలబడ్డారు. అమ్మ చెమటలు కక్కుతూ లేత్ తొక్కుతోంది.

"ఆదివారం కదమ్మా," అన్నారాయన మెత్తగా.

"అవునండి. సోమవారం పరీక్షండి," అంది అమ్మ.

అమ్మ జవాబు చెప్పడానికని కాలు ఆపింది, చెప్పేసి మళ్ళీ తొక్కింది. ఆగిన చక్రాన్ని ముందు చేత్తో సరైన వైపుకి తిప్పి ఊపు ఇచ్చాక తొక్కాలి, కుట్టుమిషనుకైనా అంతే. పాస్టరు గారి ముందు సిగ్గుతోనో కంగారుతోనో అమ్మ అది మరిచిపోయింది. చక్కు వెనక్కి తిరిగింది. ముక్కలో దిగి ఉన్న టూలు మొన పుటుక్కున ఎగిరిపోయి, పిన్ను మీద లోతుగా గాడి పడింది. "ఏమైంది? ఏమైందమ్మా?" అని నాన్న గాలిలో చేతులు చాపాడు. అమ్మ కాళ్ళు పెడలు మీద నుంచి తీసి రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

టూలు మళ్ళీ నూరితేగాని మూడోది లేదు. నూరడమంటే ఆ సానరాయే. "వద్దు," అంది అమ్మ. "ఈ ఇంట్లో ఒక కన్ను తీసుకుంది, చాల్లేదా దానికి? వద్దంటే వద్దు." అప్పుడు చెల్లెలు గోడ పట్టుకుని కూర్చున్న చోటి నుంచి, "ఎత్తుకునే తీసుకెళ్ళండి. వస్తా," అంది. దాని గొంతు అంత చిన్నగా ఉండడం నేనెప్పుడూ వినలేదు. అది పరీక్ష రాస్తాననడం కాదు, ఓడిపోయాననడం. పాస్టరు గారి ముందు, అందరి ముందు, "నోర్ముయ్యి. ఎవరూ ఎత్తుకోరు నిన్ను," అని అరిచింది నేనే అని నాకు కాసేపటిదాకా తెలియలేదు.

నాన్న కళ్ళజోడు తీసి పెట్టుకున్నాను. ఆయన పవరుకి ప్రపంచమంతా మసగ్గా ఊగింది. దాని పక్కలకి అట్ట ముక్కలు కట్టుకున్నాను. రాయికి ఎదురుగా కాకుండా పక్కగా నిలబడమన్నాడు నాన్న. సాన పిడి తిప్పడానికి ఎవరూ లేక అమ్మే వచ్చింది, ముఖం అటు తిప్పుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని తిప్పింది. పాస్టరు గారు అరుగు మీద కూర్చుని ప్రార్థన చేశారు. సాన చప్పుడుని మించి వినబడాలని గొంతు పెంచుతూ పోయారు. కాస్త నూరడం, నీళ్ళలో ముంచడం, నాన్న చేతిలో పెట్టడం. ఆయన బొటనవేలితో తడిమి, "మొన కింద ఇంకొంచెం తగ్గాలి. ఇది రాసుకుంటుందిగాని కొయ్యదు," అనేవాడు. ఎన్నిసార్లు తిప్పి పంపాడో. ఆఖరికి, "ఊఁ," అన్నాడు.

మూడో ముక్క బిగించేసరికి వసారాలో ఎండ పసుపుపచ్చగా దిగిపోతోంది. నా చేతులు ఆగడం లేదు. నాన్నకి అదీ వినబడిందేమో, "వణికితే వణకనీ, తప్పు లేదు. ఆగేదాకా హ్యాండిలు మాత్రం ముట్టుకోకు," అన్నాడు. ఒకసారి హ్యాండిలు మీది కొలత గీత దాటిపోయాను. వెనక్కి గీత మీదికే తిప్పబోతుంటే, "కాదు. పాత మర, లోపల ఖాళీ ఉంటుంది. గీత దాటి బాగా వెనక్కి వెళ్ళి, మళ్ళీ ముందుకి వస్తూ గీత మీద ఆగు. ఎప్పుడూ ఒక వైపు నుంచే రావాలి," అన్నాడు. చివర్లో ఉల్లిపొర కంటే సన్నగా తీశాను. "ఎనిమిదీ ఒక వెంట్రుక," అని చదివింది చెల్లెలు. గరుకు కాగితంతో ఆ వెంట్రుక కూడా తీశాం. పిన్ను బొటనవేలితో నొక్కితే బిగువుగా, మెల్లగా లోపలికి వెళ్ళింది. చెల్లెలు గోడ ఆసరాతో లేచింది. టక్. నాన్న తల ఆ చప్పుడు వైపు తిరిగింది. అమ్మ లేచి వెళ్ళి పొయ్యి వెలిగించింది.

సోమవారం పొద్దున పోటు తీసి నీళ్ళు కిందికి దిగి ఉన్నాయి, రేవులో పంటుకి వేసిన బల్ల బాగా ఏటవాలుగా ఉంది. చెల్లెలు ముందు, నేను వెనక. పట్టుకోవద్దంది. ఒక్కో అడుగూ ఆగి, కాలు తిప్పి, మళ్ళీ ఆగి. మా వెనక చేపల గంపల వాళ్ళు, సైకిళ్ళ వాళ్ళు పేరుకుపోయారు. నేను పిన్ను వంకే చూస్తూ ఊపిరి బిగబట్టాను. పంటువాడు గట్టిగా కేకేశాడు: "ఏంటమ్మాయ్, ఆ పెళ్ళికూతురి నడక? వెనకాల జనం ఆగిపోయారు, కదులు కదులు!"

"నేనెక్కకుండా నీ పంటు కదల్దులే, ఆగవయ్యా!" అంది చెల్లెలు. పంటు మీదికి చేరి కమ్మీ పట్టుకుని నా వైపు తిరిగితే దాని ముఖం వెలిగిపోతోంది. "విన్నావా అక్కా? తిట్టాడు!" అంది.

సాయంత్రం నాన్న పరీక్ష ఎలా రాశావని అడగలేదు. "దారిలో ఎవరైనా ఏమన్నా అన్నారా?" అన్నాడు. "పంటువాడు తిట్టాడు నాన్నా, అడ్డం తప్పుకోమని," అంది చెల్లెలు. నాలుగు రోజుల తర్వాత నాన్న అప్పుడు నవ్వాడు. మర్నాడు కట్టు విప్పారు. కుడి కన్ను బాగుంది. ఎడమ కంటికి కిటికీ ఎక్కడుందో తెలుస్తుంది, అంతే, ఇప్పటికీ అంతే. అమ్మ లేత్ మీద దుప్పటి కప్పేసింది. పక్షం తిరక్కుండా, ఉప్పుగాలికి తుప్పు పట్టిపోతుందని గొణుక్కుంటూ, తనే దుప్పటి తీసి దానికి నూనె రాస్తుంటే చూశాను.

ఆ పిన్ను ఏడాది పనిచేసింది. చెల్లెలు ఎదగడంతో కొత్త బద్దెలు వచ్చాయి, పాతవి ఎక్కడ పోయాయో తెలియదు. ఏడాది పనిచేసిన ముక్క కోసం కన్ను పోగొట్టుకున్నాడని నాన్నని అన్నవాళ్ళున్నారు. ఆ మాటకి నేనూ ఎన్నోసార్లు లోపల్లోపల జవాబు వెతుక్కున్నాను. పక్కింటాయనకి ఈ కాగితాలు వాళ్ళావిడ చేత పంపిస్తాను; కళ్ళజోడు సంగతి మాత్రం గోడ దగ్గర నిలబడి నేనే చెబుతాను. ఇక ఆ ఏడాది మాటంటారా, మా చెల్లెలికి పదిహేనేళ్ళు ఒక్కసారే వచ్చాయి. అది నడిచి వెళ్ళినా, ఇంట్లో కూర్చుండిపోయినా, ఆ పదిహేనేళ్ళు మాత్రం ఎవరి కోసమూ రేవులో ఆగేవి కావు.