గడపకు వాలు పెట్టనివాడు

మా మామయ్య ఏ ఇల్లు చూసినా ముందు దాన్ని కట్టినవాణ్ని తిట్టాలి. అది ఆయన వృత్తిలో భాగమో, ఆరోగ్య రహస్యమో మాకు ఇప్పటికీ తెలియదు. చెక్క చట్రాలతో కట్టిన ఇళ్లలో చెమ్మ ఎక్కడ దూరిందో, కొయ్య ఎక్కడ పుచ్చిందో పట్టుకోవడం ఆయన పని. ఆయన చెప్పిందంతా రాసుకుని, అందులోంచి తిట్లు తీసేసి నివేదిక చేయడం మేనకోడలిగా నా పని. తిట్లు తీసేయడానికే ఎక్కువ సమయం పట్టేది.

గోడమీద రంగు పొక్కితే చాలు, "ఏ మహానుభావుడు కట్టాడండీ దీన్ని?" అనేవాడు. స్క్రూడ్రైవర్ కొయ్యలో దిగబడితే ఆ మహానుభావుడి గురువునూ కలిపేవాడు. ఒకసారి ఛాతీ నొప్పని ఆసుపత్రికి తీసుకెళ్తే, డాక్టరు ఈయన గుండె చూస్తుండగా ఈయన కిటికీ మూల నల్లమచ్చ చూశాడు. గట్టిగా ఊపిరి పీల్చమంటే, ముందు ఆ గోడకు ఊపిరాడే దారి చూడమన్నాడు. డాక్టరు ఇంకో మాత్ర రాశాడు.

సొంతింట్లో వంటగది కిటికీ కింద చెమ్మ దిగినప్పుడూ అదే పాట.

"ఏ మహానుభావుడు..."

"మీరే," అంది అత్తయ్య.

మామయ్య కాసేపు ఆలోచించి, తను కట్టిన రోజుల్లో వానలు నిలువుగా కురిసేవని, ఏటవాలుగా కురవడం ఈ మధ్యే నేర్చుకున్నాయని తేల్చాడు. తప్పు ఒప్పుకోవడం ఆయన ఒంట్లోనే లేదు.

అలాంటి మనిషిని ఒకాయన పిలిచాడు. వాళ్ల పెరటి గుమ్మం దగ్గర నేల కుంగుతోంది. ఆయన చాలా ఏళ్లు వేరేచోట ఉద్యోగం చేసి, ఏడాది కిందటే తల్లి ఉన్న ఇంటికి వచ్చాడు. మేం వెళ్లేసరికే తీర్పు సిద్ధం చేసుకున్నాడు. అమ్మ మొక్కలకు బకెట్‌తో నీళ్లు మోస్తూ దారంతా ఒలకబోస్తోందట, ఇక ఆ తోట మాన్పించేస్తాడట. డెబ్బై దాటిన ఆ తల్లి వణికే చేతుల్ని వెనక్కి దాచుకుని నిలబడింది.

మామయ్య వంగి గడప కింది దూలాన్ని గుచ్చాడు. స్క్రూడ్రైవర్ పిడిదాకా దిగిపోయింది. తిట్టు రాసుకోవడానికి నేను కలం పట్టుకున్నాను. ఆయన మాత్రం వంటింటి కొళాయి నుంచి గడపదాకా చెక్క నేలమీద వరసగా ఉన్న నీటి మరకలు చూశాడు. తరవాత ఆవిణ్ని చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"తప్పు మీ అమ్మగారిది కాదు బాబూ. పదేళ్ల కిందట ఈ గడప వేసింది నేనే. బయటికి వాలు పెట్టడం మరిచిపోయాను."

నా చేతిలో కలం జారిపోయింది.

వాలుంటే పడ్డ నీళ్లు బయటికి జారిపోయేవని, లేకపోబట్టి నిలిచి దూలంలోకి ఇంకాయని వివరించాడు. దూలం మార్చాలి, గడప మార్చాలి, మొక్కల పక్కనే ఒక కొళాయి పెట్టాలి. మరి తోట సంగతేమిటని కొడుకు అడిగాడు.

"నా తప్పుకు మొక్కల్నెందుకు శిక్షించడం?" అన్నాడు మామయ్య.

ఆ వారమే మామయ్య దగ్గరుండి గడప వేయిస్తుంటే, ఆవిడ నన్ను కొత్త కొళాయి దగ్గరికి పిలిచింది.

"ఆ పాత గడప వేసింది మా ఆయనమ్మా. మీ మామయ్యను నేను మొన్నే మొదటిసారి చూడడం."

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"అంత చక్కగా అబద్ధమాడుతుంటే మధ్యలో ఆపడం మర్యాద కాదు కదా," అంది.

ఇంతలో మామయ్య గడపమీద చెంబెడు నీళ్లు పోసి, అవి బయటికి జారుతుంటే ఆవిణ్ని పిలిచి చూపించాడు. ఆవిడ వంగి, చేత్తో తడిమి మరీ చూసింది.

"ఈసారి వాలు బాగా పెట్టావు నాయనా," అంది, 'ఈసారి'ని కాస్త ఒత్తి పలుకుతూ.