చుక్కలాయన పోసిన క్షారం

ఆ మందుల కంపెనీ ప్రయోగశాలలో ఎవరు ఏ పదార్థం తయారుచేసినా, అందులో క్షారం మాత్రం చుక్కలాయనే పోయాలి. ఇంకొకరు పోశారని తెలిస్తే ఆయనకు ఆ పూట అన్నం సయించదు.

ఆ క్షారం పేరు డీబీయూ. చూడ్డానికి నీళ్ళలా ఉంటుంది, చేపల వాసన వేస్తుంది. అణువులోంచి ఒక్క హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. దాంతో పట్టు తప్పిన క్లోరిన్ తనంతట తానే ఊడిపోతుంది. మిగతా భాగాల జోలికి అది పోదు. అంత బుద్ధిగా ఉండేదే, తొందరపెడితే మాత్రం ఫ్లాస్కు వేడెక్కి వారాల తరబడి కష్టం తారుముద్దయి కూర్చుంటుంది. అందుకని ఫ్లాస్కును మంచులో పెట్టి, పైనున్న గరాటు బిరడా కొద్దికొద్దిగా తిప్పుతూ, చుక్క చుక్కగా పోయాలి. చుక్కలాయన పైకి లెక్కపెడుతూ పోసేవాడు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే తల తిప్పకుండా, "రెండు వందల పదమూడు, బాగున్నాను, రెండు వందల పద్నాలుగు" అనేవాడు.

టీలో పాలు కూడా ఆయన అలాగే పోసుకుంటాడనీ, ఆ టీ తాగడం అయ్యేసరికి క్యాంటీన్ వాళ్ళు కుర్చీలు ఎత్తేస్తారనీ చెప్పుకునేవారు. మొక్కలకు ఆయన నీళ్ళు పోయడం మొదలుపెడితే, సగంలోనే వానాకాలం వచ్చి మిగతా పని చేసిపెడుతుందని ఆయన భార్యే ఒకసారి అంది.

అదంతా భరించవచ్చు. కానీ పోయడం కాగానే, ప్రయోగం ఎవరిదో వాళ్ళ నోట్‌బుక్ లాక్కుని "క్షారం నేనే పోశాను" అని రాసి, కింద అరపేజీ సంతకం చేసేవాడు. వంట మనది, వడ్డన ఆయనది, పేరూ ఆయనకేనా అని అందరూ సణుక్కునేవారు.

పిల్లాణ్ణి పెంచుకుంటూ ఆరేళ్ళు ఇంట్లో ఉండి, మళ్ళీ ఉద్యోగంలో చేరిన ఒక కెమిస్టుకు ఆ సంతకం మరీ కంటగింపుగా ఉండేది. ఆమెను ఆరు నెలల గడువు మీద తీసుకున్నారు. ఎన్ని ప్రయోగాలు నెగ్గాయో, ఎన్ని చెడిపోయాయో చూసి, ఉంచేదీ పంపేదీ తేలుస్తారు. తనకు చేతకాదని ఆయన అనుకుంటున్నాడేమోనని ఒకసారి అడిగేసింది. వస్తుందిలే, కాకపోతే ఇవాళ నేను పోస్తాను అన్నాడాయన.

ఐదో నెలలో ఒకరోజు ఆయన పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. తాను వచ్చేదాకా క్షారం జోలికి పోవద్దని మూడుసార్లు చెప్పి మరీ వెళ్ళాడు. ఆమె ఫ్లాస్కులో ఐదు వారాల పని ఉంది. మూడున్నర అయింది. నాలుగింటికి బడి వదులుతారు. ఆయన జాడ లేదు. ఇదేమన్నా బ్రహ్మవిద్యా అనుకుని ఆమే మొదలుపెట్టింది. మొదటి యాభై చుక్కలూ చక్కగా పడ్డాయి. గడియారం చూసి, గరాటు బిరడా ఒక్క పిసరు ఎక్కువ తిప్పింది. ఫ్లాస్కులోది పసుపయింది, గోధుమరంగయింది, ఇంకాస్త మంచు తెచ్చేలోపు నల్లబడి అడుక్కి అంటుకుపోయింది.

ఆమె అలాగే నిలబడి ఉండగా ఆయన వచ్చాడు. మత్తుమందుకు ఒక బుగ్గ మొద్దుబారి, నోట్లో దూది ఉంది. ఫ్లాస్కు చూశాడు. చెయ్యేమన్నా కాలిందా అని సైగతో అడిగాడు. తరవాత నోట్‌బుక్ తీసి, "క్షారం నేనే పోశాను. తొందరపడ్డాను" అని రాసి సంతకం పెట్టాడు.

"సార్, పోసింది నేను."

"అయిహోయిందిగా. వెళ్ళి హిల్లాణ్ణి తెచ్చుకో," అన్నాడాయన.

మర్నాడు పొద్దున్నే ఆమె నోట్‌బుక్ తీసుకుని ప్రయోగశాల పెద్దావిడ గదికి వెళ్ళింది. ఇందులో రాసింది నిజం కాదనీ, తప్పు తనదేననీ చెప్పింది. పెద్దావిడ బీరువా తెరిచి, పాత నోట్‌బుక్కులు నాలుగు తీసి బల్ల మీద పెట్టింది. గడువు మీద చేరిన వాళ్ళవే అన్నీ. చెడిపోయిన ప్రతి ప్రయోగం కిందా ఆ అరపేజీ సంతకమే.

"వీటి ప్రకారం ఇరవై ఏడేళ్ళుగా ఈ భవనంలో చెడిపోయినవన్నీ ఆయనే చెడగొట్టాడు. బాగా వచ్చిన వాటిలోనూ సంతకం పెడతాడు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు," అంది పెద్దావిడ. ఒక నోట్‌బుక్ తన వైపు లాక్కుంది. "ఇది నాది. అప్పట్లో నేను నోరు విప్పలేదు. నువ్వు వచ్చావు."

ఇరవై ఏడేళ్ళుగా ఆయనకు ఒక్క ప్రమోషనైనా ఎందుకు దక్కలేదో ఆమెకు అప్పుడు అర్థమయింది. అక్కడే తన నోట్‌బుక్‌లో ఆయన రాసిన వాక్యాన్నీ కింది సంతకాన్నీ కొట్టేసి, తన పేరు రాసింది. ఆ ప్రయోగం మళ్ళీ చేయడానికి పెద్దావిడ నెల రోజులు ఇచ్చింది.

ఇరవై ఏడేళ్ళలో తన సంతకం మీద గీత పడటం అదే మొదలని చుక్కలాయన రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోనాడు, కెమిస్టు ఆ గీత ఎందుకు కొట్టిందో పెద్దావిడ ఆయనకు చెప్పింది. నెల తిరక్కుండా ఆ కెమిస్టు చేతి మీదుగానే తెల్లటి స్ఫటికాలు వచ్చాయి. ఉద్యోగం ఖాయమయింది.

ఆ వారమే ఆయన తన సొంత ఫ్లాస్కు మోసుకొచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

"దీంట్లో క్షారం నువ్వే పొయ్యమ్మా. నాకు ఒక్కో చుక్కా రెండుగా కనిపిస్తోంది. కళ్ళజోడు మార్చుకోవాలి."

ఎప్పటి నుంచి అని అడిగింది. రెండేళ్ళయిందన్నాడు.

"మరి ఇన్నాళ్ళూ లెక్క ఎలా కుదిరింది సార్?"

"ఏముంది, సగం చేసుకునేవాణ్ణి."