బట్టకు బట్టమేక

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో అక్కడి బజారులో నన్ను మించిన బేరగాడు లేడు. కూరకని మేకను కొని ఆకాశంలోకి వదిలిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే.

మా బట్టల కొట్టుకు బీళ్ళ వైపు నుంచి ఒక వేటగాడు వచ్చేవాడు. అబద్ధమాడడు, కానీ అడిగినదానికి తప్ప నోరు విప్పడు. ఆ రోజు మా బావకు మేకమాంసంతో భోజనం పెడతానని మాటిచ్చి ఉన్నాను.

"బట్టమేక ఉండాది, కావల్నా?" అన్నాడు వేటగాడు, మూతేసిన పెద్ద గంప దించుతూ.

బట్టకు మేక మార్పిడి కాబోలనుకున్నాను.

"ఎంత తూగుతాది?"

"ఏడు వీశెలప్పా."

రెండు పంచెలు అడిగితే ఒక్కదానికి దించాను. పంచె అందాక గంప మూత తీశాడు. లోపల కాళ్ళు కట్టేసిన పెద్ద పక్షి!

"మేక యాడప్పా?"

"బట్టమేకంటే ఈ పిట్టేనప్పా."

ఇంత బరువుది ఎగరదులే అని, నిలబెట్టి చూద్దామని నేనే కట్లు విప్పాను. అది వీధిలో పది అడుగులు పరుగెత్తి, మిద్దెల మీదుగా వెళ్ళిపోయింది.

"ఎగురుతాదని చెప్పలేదేమప్పా?"

"నువ్వు అడగలేదు కదప్పా," అన్నాడు నెమ్మదిగా.

లెక్క నిజంగా చెప్పాలంటే, నాకు పోయింది ఒక పంచె. బావకు దక్కింది వంకాయ కూర. ఆ పంచె మడతలో జానెడు చిరుగుంది. అతను అడగలేదు, నేను చెప్పలేదు.