స్టేడియంలో దస్తీ కట్టిన చోటు

ముంబయిలో పెద్ద స్టేడియంలో ఇంగ్లీషు పాటల కచేరీ చూసి వచ్చాను. మా చిక్కడపల్లి గల్లీలో ఈ మాట చెబితే కూరగాయలామె తూకం ఆపి మరీ నా మొహం చూసింది. నా చదువు మూడో తరగతితో ఆగింది, తప్పులుంటే సర్దుకుని చదవండి. ఏదో ఒకరోజు మీరూ వెళ్లాల్సి రావచ్చు. ఎలా వెళ్లాలో, ఏవి పట్టుకెళ్లకూడదో తెలిసి ఉండడం మంచిది.

ముందు ఎందుకు వెళ్లానో చెప్పాలి. నా కొడుకు కూతురు హారిక నారాయణగూడలో డిగ్రీ చదువుతోంది. మా మిద్దె మీది గదిలో ఒక పాత డ్రమ్ముల సెట్టు పెట్టుకుని రోజూ సాయంత్రం వాయిస్తుంది. అది మొదలుపెట్టిందంటే కింద వంటింట్లో స్టీలు గ్లాసులు వాటంతట అవే గూటి అంచుకు నడుస్తాయి. అశోక్‌నగర్‌లో సర్కారు కొలువులకు చదివే ఆడపిల్లలు గదులు దొరక్క మా గల్లీ దాకా వచ్చి అడుగుతున్నారు. అలాంటప్పుడు గాలీ వెలుతురూ ఉన్న గదిని చప్పుడుకు వదిలేయడం నాకు నచ్చలేదు. వచ్చే నెల నుంచి గది కిరాయికి, డ్రమ్ములు అమ్మకానికి అని తేల్చేసి గేటుకు బోర్డు కట్టించాను.

హారిక ఏడవలేదు. "ఒక్కసారి ఆ డ్రమ్ములాయన కాళ్లు చూసొస్త నానమ్మా. తర్వాత నీ ఇష్టం," అంది.

"కాళ్లెందుకే? మొక్కుతవా?"

"కుడికాలుతో పెడలు ఒక్కసారి తొక్కుతడు, పెద్ద డ్రమ్ము మీద రెండు దెబ్బలు పడ్తయి. అదెట్లనో తెలుస్తలేదు. టోక్యోల వీడియో తీసినోడు మొహం తీసిండు, లండన్‌ల తీసినోడు చేతులు తీసిండు. కాళ్లు ఒక్కడు తియ్యలె."

ఆ బ్యాండు లోకమంతా తిరుగుతూ ఊరికొక స్టేడియంలో వాయిస్తోందట. పేరు రాయలేను, నాకు నోరు తిరగదు. హారిక, దాని స్నేహితురాలు కలిసి ముంబయికి రెండు టికెట్లు ఎప్పుడో కొనుక్కున్నారు. ఇప్పుడు ఆ స్నేహితురాలికి డెంగీ. టికెట్టు వాపసు తీసుకోరు, మురిగిపోతుంది అనేసరికి నా ప్రాణం ఊరుకోలేదు. ఆడపిల్లను ఒక్కదాన్ని పంపనని నా కొడుకు శ్రీను పట్టు. వాడికి సెలవు లేదు. నేనే పోతానన్నాను. చూసొస్తే దాని ఆశ తీరుతుంది, డ్రమ్ములు పేచీ లేకుండా గడప దాటుతాయి. నా ఆలోచన అదీ.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు ఇల్లు కదిలాం. హారిక ఆటో అంది. మన దగ్గర ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు చేతిలో పెడతారు. నారాయణగూడ, బషీర్‌బాగ్ మీదుగా నాంపల్లి చేరేసరికి బండికి ఇంకా గంటన్నర ఉంది. ముందే చేరడంలో నష్టం లేదు, ప్లాట్‌ఫారం మీద కూర్చోవడానికి ఎవరూ డబ్బులడగరు. సంచిలో పులిహోర ఒక స్టీలు డబ్బా, చపాతీలు, మామిడికాయ తొక్కు, చెవుల్లోకి దూది.

బండి మూడింటికి కాస్త ముందు కదిలింది. ఎదుటి సీట్లో నల్ల బనీను వేసుకున్న పిల్లవాడు. పేరు నవీన్, మాదాపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగం. వాడు అటు తిరిగితే వీపు మీద పైనుంచి కిందికి ఊళ్ల పేర్లు, బస్సు బోర్డు మీద ఉన్నట్టు. అది ఆ బ్యాండు తిరిగే దారి అని హారిక చెప్పింది. ఒక్కొక్కటే చదివి వినిపించింది. సిడ్నీ, టోక్యో, సింగపూర్, లండన్, అబుదాబి, ముంబయి.

"హైదరాబాద్ ఏది?" అన్నాను.

"మన దిక్కు రారు అవ్వా. నేను సింగపూర్ పోయి చూసొచ్చిన, అబుదాబి పోయి చూసొచ్చిన. ఇది మూడోది."

"మూడు చోట్లా అవే పాటలా?"

"అవే."

"మరి ఒక్క చోట వింటే సరిపోకపోయెనా?"

నవీన్ చపాతీ అందుకున్నాడు. సింగపూర్ స్టేడియానికి కప్పు ఉంటుందని, అబుదాబిలో ఎండ తగ్గాక గాని మొదలుపెట్టలేదని చెప్పాడు. మరుగుదొడ్లు ఎలా ఉన్నాయంటే ఎక్కడా చూడలేదన్నాడు. అంత దూరం పోయి అసలు సంగతి చూడని మనిషి. డబ్బు ఎక్కువైన పిల్లవాడని లెక్క వేసుకున్నాను. వికారాబాద్ దాటాక వాన మొదలైంది. వాడి జంక్షన్‌లో టీ తాగాం, చక్కెర నీళ్లు. చీకటి పడగానే పడుకున్నాం.

తెల్లవారుతుండగా దిగాం. దాదర్ దగ్గర ఒక సత్రంలో గది దొరికింది. శుభ్రంగానే ఉంది, దిండ్లు మాత్రం రాళ్లు. స్నానాలు చేసి పదకొండింటికి బయలుదేరాం. సిటీ బస్సులో అలవాటుగా ఆధార్ చూపించాను. కండక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అమ్మాజీ, యే తెలంగానా మే చల్తా," అని చేతిలో పెట్టాడు. టికెట్టు కొన్నాను. గుర్తుంచుకోండి, ఆ కార్డు అక్కడ పనికిరాదు. అక్కడినుంచి లోకల్ రైలు, ఆ తర్వాత నడక.

రెండింటికి స్టేడియం గేటు. లోపలికి తిండి పోదు, స్టీలు పోదు, గొడుగు పోదు. కాపలా అమ్మాయి నా డబ్బా మీద వేలు పెట్టి పక్కనున్న చెత్త తొట్టి చూపించింది.

"ఫేంకే తో పాప్ లగ్తా బేటీ. తుమ్ ఖాతే క్యా?" అన్నాను, మన హైదరాబాద్ హిందీలో. పారేస్తే పాపం, నువ్వు తింటావా అని.

ఆ అమ్మాయి నవ్వింది కానీ తినలేదు. నేను లైను పక్కన చతికిలబడి డబ్బా మూత తీశాను. ముక్కుకు రింగులు, జుట్టుకు రంగులు వేసుకున్న పిల్లలు చేతులు చాపి తిన్నారు. ఒకమ్మాయి వేరుశెనగలు ఏరుకుని తింటుంటే మందలించాను. ఖాళీ డబ్బా మీద నా పేరు చెక్కించి ఉంటుంది, టీ కొట్టువాడికి చూపించి అప్పగించాను. హారిక పూర్తిగా పక్కకు తిరిగి, నాతో రానట్టే నిలబడింది.

లోపల కుర్చీలు లేవు. మాది నిలబడే టికెట్టట. అంత ధర పెట్టి నిలబడడం ఏమిటో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. పెద్ద వేదిక నుంచి ఒక బాట జనంలోకి వచ్చి, చివర చిన్న అరుగులా ఆగుతుంది. ప్రతి ఊళ్లోనూ సగం కచేరీ అయ్యాక డ్రమ్ములాయన ఆ అరుగు మీదికొచ్చి నాలుగు పాటలు వాయిస్తాడట. హారికకు కావలసింది ఆ అరుగు చుట్టూ ఉన్న ఇనుప కటకటాల దగ్గర చోటు. గేటు తెరవగానే పరుగెత్తి పట్టుకుంది. నేను వెనకే చేరి కింద కూర్చున్నాను.

నాలుగు దాటాక నాకు బయటికి పోక తప్పలేదు. ఆ గుంపులో పిల్లను ఒక్కదాన్ని వదలను. హారిక కటకటాలు గట్టిగా పట్టుకుంది.

"పోతే మళ్ల దొరకదు నానమ్మా. నీ కాళ్లు మొక్కుత, నువ్వు పోయిరా."

"దొరుకుతది లే," అని నడుముకు దోపుకున్న దస్తీ రుమాలు తీసి కటకటాలకు ముడేశాను. బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి దస్తీ వేస్తే ఆ సీటు మనదే, మన దగ్గర ఎవరిని అడిగినా చెబుతారు.

"ఇది ఆర్టీసీ బస్సు కాదు."

"జనం యాడైనా జనమే. నడువు."

పెట్టెల్లాంటి మరుగుదొడ్లు, వాటి ముందు గంటసేపు లైను. తిరిగొచ్చేసరికి మేము నడిచిన నేల కనబడలేదు. వీపులే వీపులు. హారిక అక్కడే ఆగిపోయింది.

"అయిపోయింది. రా, వెనుక నిలవడదాం. కాళ్లు లేవు, ఏం లేవు," అంది. ఏడిస్తే తిట్టేదాన్ని. ఏడవకుండా నిలబడింది.

దాని చెయ్యి పట్టుకుని గుంపులో దూరాను. జర జరుగు నాయనా, దస్తీ ఏసిన, జర జరుగు బిడ్డా, దస్తీ ఏసిన అంటూనే ఉన్నాను. వాళ్లకు నా భాష రాదు, కానీ ముసలమ్మ మోచెయ్యి ఏ భాషలోనైనా తెలుస్తుంది. ముందుకు చేరేసరికి కటకటాల దగ్గర ఇద్దరు పట్టేంత ఖాళీ, మధ్యలో ముడి విప్పని నా దస్తీ. పక్కన నల్ల బనీను నవీన్ రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. వెనకనుంచి ఇద్దరు కుర్రాళ్లు హిందీలో వాడిని కడిగేస్తున్నారు.

"దస్తీ నీదా అవ్వా?" అన్నాడు, నన్ను చూసి వాడూ తెల్లబోయి.

"నాదని తెల్వకుండనే ఆపినవా?"

"ఎవరిదైతేంది. మాది జడ్చర్ల అవతల పల్లె. అశోక్‌నగర్‌లో రెండేండ్లు చదువుకునేటప్పుడు ప్రతి పండుగకు దస్తీ ఏసే ఊరికి పోయిన. దస్తీ ఉన్నంక ఎట్ల నిలవడ్త?"

డబ్బు ఎక్కువైన పిల్లవాడని నేను వేసిన లెక్క కొట్టేశాను.

ఏడింటికి మొదలైంది. దూది పెట్టుకున్నా చప్పుడు పళ్లలోంచి లోపలికొచ్చింది. మా వంటింటి గ్లాసులు గుర్తొచ్చాయి. సగం అయ్యాక డ్రమ్ములాయన బాట మీద నడుచుకుంటూ అరుగు మీదికి వచ్చాడు. బట్టతల, నా కొడుకు కన్నా పెద్దవాడు. కూర్చునే ముందు చెప్పులు విడిచి పక్కన పెట్టాడు. పనిముట్టు మీద గౌరవం ఉన్న మనిషి. చుట్టూ వేల ఫోన్లు ఆయన మొహం వైపు లేచాయి. మా పిల్ల ఒక్కతే కటకటాల మీద గడ్డం ఆనించి కిందికి చూస్తోంది.

రెండో పాటలో నా చెయ్యి పట్టుకుంది. "మడమ, నానమ్మా. ముందు మడమ దించుతుండు, ఎంటనే వేళ్లు. చూడు."

చూశాను. అంత లావు మనిషి కాలు నీళ్ల మీద ఆడినట్టు ఆడుతోంది. ఆ తర్వాత ఆయన వంక చూడలేదు, దీని మొహమే చూశాను. ఇన్నేళ్లలో ఏ మార్కుల కాగితం చూసినా ఈ పిల్ల మొహం ఇలా లేదు.

ఆదివారం మధ్యాహ్నం తిరుగు బండి. డబ్బా టీ కొట్టులో భద్రంగా దొరికింది, కడిగి కూడా పెట్టాడు. హారిక కింది బెర్తు మీద కూర్చుని, కళ్లు మూసుకుని, మడమ, వేళ్లు, మడమ, వేళ్లు అంటూ నేల మీద కొడుతూనే ఉంది. పక్క సీటు పెద్దాయన సోలాపూర్ దాకా ఓర్చుకున్నాడు.

"ఏందమ్మా ఆ చప్పుడు? జర చెప్పు నీ పిల్లకు."

"చదువుకుంటున్నది," అన్నాను. ఆయన పేపరు మళ్లీ తెరిచాడు. హారిక ఒక కన్ను తెరిచి నన్ను చూసి మూసుకుంది.

వెళ్లేవాళ్లకు నా మాట ఇది. కడుపు నిండా తిని పోండి, స్టీలు ఇంట్లోనే వదలండి, దూది ఎక్కువ పెట్టుకోండి. పాటలు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా టికెట్టు దండగ కాలేదు. దస్తీ మాత్రం మరచిపోకండి.

సోమవారం పొద్దున నాంపల్లిలో దిగి, సున్నా టికెట్టు బస్సులో ఇల్లు చేరాం. స్నానం కన్నా ముందు మిద్దె ఎక్కి దిగాను. తొమ్మిదింటికి ఇద్దరు ఆడపిల్లలు బోర్డు చూసి వచ్చారు, కోచింగ్ పుస్తకాల సంచులతో. గది చూపిస్తానని శ్రీను పైకి తీసుకుపోయాడు. నిమిషంలో దిగొచ్చారు.

"ఎవరో ఆపుకున్నరు గద. ముందే చెప్పొద్దా అన్నా?" అందొక పిల్ల.

"ఎవరు ఆపుకున్నరు? నాకు తెల్వకుండనా?" అన్నాడు శ్రీను.

"గొళ్లానికి దస్తీ కట్టి ఉన్నది గద."

శ్రీను నా కోసం వంటింట్లోకి వచ్చాడు. నేను గ్లాసులు గూట్లోంచి తీసి ఒక్కొక్కటే నేల మీద బోర్లిస్తున్నాను.