గొంతు తగ్గించుకున్న మైకు

మా బావను ప్రెస్సులో అందరూ మైకు అనేవారు. మా అక్క మొగుడని చెప్పడం కాదుగానీ, ఆ గొంతును దేవుడు తీరిగ్గా కూర్చుని చేసుంటాడు. అచ్చుయంత్రాలన్నీ ఒక్కసారిగా మోగుతున్నా, ఆ మూల నుంచి "ఒరేయ్, నీలం ఎక్కువైంది!" అని కేకేస్తే ఈ మూల బైండింగు చేసుకునే నా చెవులు గింగురుమనేవి.

కొత్త మేనేజరుకు ఆ గొంతు నచ్చలేదు. దానికితోడు ఒక ఆపరేటరు ఫిర్యాదు చేశాడు. తిరుగుతున్న రోలరును గుడ్డతో తుడవడం అతగాడి అలవాటు. అందరి ముందూ బావ "చెయ్యి తియ్యరా గాడిదా!" అని అరిచాడట, పరువు పోయిందట.

మేనేజరు బావను గదిలోకి పిలిచాడు. "ఇంకొక్క ఫిర్యాదు వస్తే ఫోర్‌మన్‌గా ఉండవు. ముందు ఊపిరి పీల్చు. దగ్గరికి వెళ్లు. మెల్లగా చెప్పు," అన్నాడు.

ప్రెస్సు పని తప్ప బావకు ఇంకోటి రాదు. ఇంట్లో అక్క ముందు నిలబడి సాధన మొదలుపెట్టాడు. "కాసిని మంచినీళ్లు ఇస్తావా?" అక్క పడీ పడీ నవ్వింది. "ఇన్నేళ్లకి మనిషిలా మాట్లాడారు!" అంది. మేనేజరూ మెచ్చుకున్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆ మోతలో మెల్లగా చెప్పమన్న పెద్దమనిషి అక్కడ ఒక్క పూటైనా నిలబడ్డాడా?

ఒక మధ్యాహ్నం ఆపరేటరు మళ్లీ గుడ్డ తీశాడు. బావ నోరు తెరవడం నేను చూశాను. తెరిచి, మూసుకున్నాడు. ఊపిరి పీల్చి గబగబా అటు నడిచాడు. ఆయన చేరేలోపే గుడ్డతో పాటు రెండు వేళ్లు లోపలికి పోయాయి.

విచారణకు నన్నూ సాక్షిగా పిలిచారు. "రోజూ అరిచేవాడు సార్. అరిస్తే చెయ్యి తీసేసేవాణ్ణి. ఆ రోజు అరవలేదు," అన్నాడు ఆపరేటరు, కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని. అందులో అబద్ధం లేదు.

"కళ్లారా చూస్తూ నోరు మూసుకున్నావా?" అన్నాడు మేనేజరు.

బావ ఏదో అన్నాడు. పక్కనే ఉన్న నాకే వినబడలేదు. నిర్లక్ష్యం అని పేరు పెట్టి ఇంటికి పంపేశారు. ఆ మాట పాకి, మిగతా ప్రెస్సులవాళ్లూ గుమ్మంలోంచే పొమ్మన్నారు.

ఆ వేళ్లు తనవల్లే పోయాయని బావ నమ్మకం. నేనెంత చెప్పినా తలకెక్కించుకోడు. ఆయన మెల్లగా ఏమైనా అంటే వినబడాలని అక్క టీవీ కట్టేసి కూర్చుంటుంది. నిన్న ఉండబట్టలేక, "నామీదైనా ఒక్కసారి అరవండి," అని ఏడ్చింది.

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. లేచి దగ్గరికి వెళ్లి, మెల్లగా, మంచినీళ్లు అడిగాడు.