టీ కిందే ఉంది

మా మేనత్తను ఊరంతా మలుపత్తయ్య అంటారు. మా ఇళ్ళన్నీ పల్లంలో ఉంటాయి. సెల్‌ఫోన్ సిగ్నల్ మాత్రం పైన, రోడ్డు మలుపు దగ్గరే అందేది. ఆవిడ అక్కడి రేకుల షెడ్డులో కుట్టుమిషను వేసుకుని, జాకెట్లు కుడుతూ, ఊరందరి ఫోన్లూ తనే ఎత్తేది. సాయంత్రం దిగివచ్చి ఎవరి కబురు వాళ్ళకు చెప్పేది. దారిలో మిగతావాళ్ళకూ తెలిసిపోయేది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. పెళ్ళి సంబంధం కుదిరిన సంగతి పెళ్ళికూతురికంటే ముందు పాలవాడికి తెలిసిన రోజులున్నాయి.

అంత మనిషికీ తన ఇంటి కబురు మాత్రం తెలిసేది కాదు. దీపం కిందే చీకటి. కిందటి వానాకాలం మామయ్యకు గుండెనొప్పి వచ్చింది. మా వదిన జారుతూ లేస్తూ గట్టెక్కి చెప్పేదాకా అత్తయ్య పైన ఎవరిదో లంగాకు అంచు కుడుతూనే ఉంది. అంబులెన్సు అందింది, మామయ్య బతికాడు. ఆ రోజు నుంచి పైకి ఎవరు పరుగున వచ్చినా ఆవిడ మిషను వదిలేసి ఎదురు పరిగెత్తేది.

ఇంతకీ కింద సిగ్నల్ లేకపోవడంలో మా తప్పూ ఉంది. మనుషులున్న ప్రతి ఊరికీ సిగ్నల్ అందించాలని లైసెన్సు ఇచ్చేటప్పుడే ప్రభుత్వం ఫోన్ కంపెనీకి షరతు పెట్టింది. అది నెరవేరిందో లేదో చూడటానికి ఆ కంపెనీల మీద కన్నేసి ఉంచే నియంత్రణ సంస్థ నుంచి ఆఫీసరు వస్తాడు. వచ్చిన ప్రతిసారీ, అంత పెద్దమనిషిని బురదలో కిందికి నడిపిస్తామా అని, మలుపు దగ్గరే కుర్చీ వేసి టీ ఇచ్చాం. ఆయన అక్కడే పరికరం తెరిచి, సిగ్నల్ దివ్యంగా ఉందని రాసుకుని వెళ్ళాడు. మేం చప్పట్లు కూడా కొట్టాం. మా మర్యాద మండిపోనూ!

ఈసారిది చివరి తనిఖీ. ఇందులోనూ సిగ్నల్ ఉందని తేలితే కంపెనీ బాధ్యత తీరిపోతుంది, ఇక టవరు ఊసే ఉండదు. ఆ సంగతి చెబుతూనే ఊరి పెద్దాయన మలుపు దగ్గర కుర్చీలు వేయిస్తున్నాడు. అత్తయ్య లేచి వచ్చి ఒక కుర్చీ మడిచి చంకన పెట్టుకుంది.

"ఏంటమ్మాయ్, ఆఫీసరుగారిని నిలబెడతావా?"

"నిలబెట్టను బాబాయ్, నడిపిస్తా. సిగ్నలు ఇక్కడుంది. మన కొంపలు ఇక్కడున్నాయా? ఇన్నాళ్ళూ మనమే కదా ఇక్కడ కూర్చోబెట్టి పంపించేశాం!"

జీపు దిగింది ఈసారి ఒక అమ్మాయి. దిగుతూనే సంచీ తెరవబోయింది.

"ఆగమ్మా, టీ కిందే ఉంది. మా ఇంటికొచ్చి తాగాలి."

ఆ అమ్మాయి దారి వంక చూసి, తన బూట్ల వంక చూసుకుంది. "ఇక్కడే చూసేస్తే సరిపోతుందేమో అండీ."

"చుట్టాన్ని గుమ్మం బయటినుంచే పంపిస్తామా? నా చెయ్యి పట్టుకో."

పెద్దాయన పళ్ళు నూరుతూ వెనకాలే దిగాడు. ఆ అమ్మాయి మామయ్య మంచం పక్కన పరికరం తెరిచి సిగ్నల్ చూసింది. లేదు. వంటగదిలో చూసింది. పెరట్లో చూసింది. చివరికి మొహమాటపడుతూ, "ఏమీ రావట్లేదండీ" అంది.

"లేదు కదూ? గట్టిగా చెప్పమ్మా, అందరూ వినాలి!" అంది అత్తయ్య. పరీక్ష తప్పినందుకు ఇంత సంబరపడిన ఊరిని ఆ అమ్మాయి ఎన్నడూ చూసి ఉండదు.

"అసలు రూలు ప్రకారం ఇళ్ళ దగ్గరే కొలవాలండీ. ఇంతకుముందు కిందికి ఎవరూ రాలేదా?"

పెద్దాయన నేలచూపులు చూశాడు. "మేమే రానివ్వలేదమ్మా. మీకు శ్రమ ఎందుకని."

కంపెనీ చాలా సణిగింది. నియంత్రణ సంస్థ పట్టిన పట్టు వదల్లేదు. చివరికి పల్లం అవతలి దిబ్బ మీద టవరు లేచింది. ఊరు ఊపిరి పీల్చుకుంది.

అత్తయ్య మాత్రం అలవాటుకొద్దీ మలుపు దగ్గరే కుట్టేది. ఒకరోజు నేను జాకెట్టు గుడ్డ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఫోన్ మోగింది. మామయ్య. కిందినుంచి వచ్చిన మొదటి ఫోను అదే. మిషను ఆగిపోయింది.

"ఏమైందండీ? మళ్ళీ గుండెల్లోనా?"

"గుండెల్లో ఏంటే? పంచదార డబ్బా ఎక్కడ పెట్టావు?"

అత్తయ్య ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టి ఫోన్ పెట్టేసింది. తర్వాత నా కొత్త జాకెట్టు గుడ్డతో కళ్ళు తుడుచుకుంది. కాసేపాగి మళ్ళీ తనే ఫోన్ చేసింది. తిట్ల హడావుడిలో డబ్బా ఎక్కడుందో చెప్పడం మరిచిపోయిందట.